ఆదివారం చైనీస్ బడి వరండాలో మూడేళ్ళు

ఆదివారం మధ్యాహ్నం ఒకటీ ఇరవైకల్లా, చైనీస్ బడికి అద్దెకిచ్చిన ఆ హైస్కూలు తలుపులు తెరుస్తారు. అందరికంటే ముందు లోపలికి వెళ్ళేది టీచర్లు కాదు, పిల్లలూ కాదు. ఆ వారం డ్యూటీ పడ్డ తల్లులూ తండ్రులూ. ఒక్కో గదిలోకీ వెళ్ళి, ఫోను తీసి నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీసుకుంటారు. కుర్చీలు ఎలా ఉన్నాయి, బోర్డు మీద ఏం రాసి ఉంది, టేబులు మీద పెన్నుల డబ్బా ఎటు తిరిగి ఉంది, అన్నీ. మూడున్నరకి క్లాసు అయిపోయాక ఆ ఫొటోలు చూసుకుంటూ గదిని మళ్ళీ అచ్చం అలాగే సర్దిపెడతారు. సోమవారం పొద్దున ఆ గది వేరే టీచరుది. ఆవిడ శుక్రవారం బోర్డు మీద రాసిన లెక్క చెరగకూడదు. అద్దె ఇంట్లో గోడకి ఒక్క మేకు కూడా కొట్టకుండా కాపురం చేసినట్టుంటుంది వ్యవహారం.

నేను చైనీస్ కాదు. మాది జగిత్యాల, మా ఆయనది విజయనగరం, ఉండేది న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర. ఆ బడికి మూడేళ్ళ పాటు వెళ్ళానంటే కారణం చదరంగం. ఇలాంటి చైనీస్ బళ్ళలో భాష క్లాసు అయ్యాక ఇంకో గంట వేరే క్లాసులు పెడతారు. చదరంగం, లెక్కలు, బొమ్మలు వేయడం, జానపద నృత్యం, కుంగ్‌ఫూ, రెండు కర్రలకి కట్టిన తాడు మీద బొంగరంలాంటిదాన్ని తిప్పే ఆట. ఫీజు కడితే ఎవరైనా చేరొచ్చు, చదరంగం క్లాసులో సగం మంది మన పిల్లలే. పక్కింటి చైనీస్ ఆవిడ నాతో ఒప్పందం చేసుకుంది: ఒక వారం ఇద్దరు పిల్లల్నీ ఆవిడ తీసుకెళ్ళాలి, ఒక వారం నేను. మా వాడి క్లాసు మూడున్నర తర్వాతే. కానీ నా వంతు వచ్చిన వారం వాళ్ళమ్మాయి కోసం ఒకటిన్నరకే వెళ్ళేదాన్ని. అలా నెలకి రెండు ఆదివారాలు ఆ వరండాలో కూర్చున్నాను. శనివారాలు మా వాడి తెలుగు క్లాసు. రెండూ పక్కపక్కనే చూస్తూ పోల్చకుండా ఎలా ఉంటాను?

మొదట్లో నాకున్న నమ్మకం మీ అందరికీ ఉన్నదే. చైనీస్ వాళ్ళు గట్టివాళ్ళు, పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తారు, అందుకే వాళ్ళ పిల్లలకి భాష వస్తుంది, మనం గారాబం చేసి చెడగొట్టుకుంటున్నాం. మొదటి ఆదివారమే ఈ నమ్మకానికి బీట పడింది. క్లాసు మధ్యలో పది నిమిషాలు విరామం ఇస్తారు. తలుపు తెరుచుకోగానే ముప్ఫై మంది పిల్లలు బయటికొచ్చి పడ్డారు. అందరూ ఇంగ్లీషే! ఒక్కడి నోట్లో చైనీస్ ముక్క లేదు. వీడియో గేముల గురించి ఇంగ్లీషు, చిప్స్ పాకెట్టు కోసం కొట్లాట ఇంగ్లీషు. బెల్లు కొట్టాక లోపలికి వెళ్ళి టీచరు ముందు మళ్ళీ చైనీస్. తెలుగు క్లాసు బయట శనివారం నేను చూసేదీ సరిగ్గా ఇదే. మన పిల్లల్ని ఏబీసీడీలని (అమెరికన్ బార్న్ కన్‌ఫ్యూజ్డ్ దేశీ) వెక్కిరించుకుంటాం కదా, వాళ్ళు తమ పిల్లల్ని ఏబీసీలంటారు (అమెరికన్ బార్న్ చైనీస్). అక్షరం ఒక్కటే తేడా.

మరి మూడేళ్ళు గడిచేసరికి పక్కింటి అమ్మాయి వాళ్ళమ్మ ఫోనులో వీచాట్ (వాళ్ళ వాట్సాప్) మెసేజ్‌లు చదివి పెట్టే స్థాయికి ఎలా వచ్చింది? మా వాడు అదే మూడేళ్ళలో 'నిరుద్యోగ సమస్య' అని గడగడా చదివి, దాని అర్థమేంటమ్మా అని నన్నెందుకు అడిగాడు?

ముందు లెక్క చూద్దాం. ఆ బడిలో భాష క్లాసు వారానికి రెండు గంటలు. సెలవులూ మంచు తుఫానులూ పోను ఏడాదికి ముప్ఫై వారాలు. అంటే 60 గంటలు. పదేళ్ళు మానకుండా వెళ్తే 600. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పడానికి ఒక శిక్షణ సంస్థ నడుపుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పెద్దవాళ్ళు మాండరిన్‌లో (ఈ బళ్ళలో నేర్పే చైనీస్ అదే) పని చేసుకునే స్థాయికి రావాలంటే 88 వారాలు, 2,200 గంటల క్లాసు కావాలని దాని అంచనా. (తెలుగుకి అందులో సగం, 44 వారాలు. గర్వపడాలో, బాధపడాలో తెలియలేదు నాకు.) ఇంట్లో ఆ భాష చెవిన పడే పిల్లలకి అన్ని గంటలు అక్కర్లేదు, నిజమే. కానీ చదవడం, రాయడం చెవిన పడేవి కావు. చైనాలో ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళు పూర్తయ్యేసరికి పిల్లలు దాదాపు 3,000 అక్షరాలు గుర్తుపట్టాలి, అందులో 2,500 రాయగలగాలి. రోజూ బడికి వెళ్ళే పిల్లలకి పెట్టిన లక్ష్యమది. ఆదివారం రెండు గంటల్లో ఎన్ని వస్తాయి? పదో పదిహేనో కొత్తవి వస్తాయి, వచ్చే ఆదివారానికి సగం పోతాయి.

కాబట్టి ఇక్కడే నా వాదన మొదలవుతుంది. వారాంతపు బడి పిల్లలకి భాష నేర్పదు. దానికి అంత సమయం లేదు. మంచి వారాంతపు బడి చేసే పని వేరు: ఆరు రోజుల పాటు తల్లిదండ్రుల చేత నేర్పిస్తుంది. చైనీస్ బడి ఈ సంగతి దాచుకోదు. మొదటి రోజు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పేస్తుంది. మనం మాత్రం తెలుగు క్లాసుని లాండ్రీ కొట్టులాగా చూస్తాం. శనివారం పొద్దున మాసిన పిల్లాణ్ణి ఇచ్చి, మధ్యాహ్నం తెలుగు పట్టిన పిల్లాణ్ణి తీసుకుపోవాలి.

పక్కింటి వంటగదిలో ఏం జరుగుతుందో చెబుతాను. ఆదివారం బడిలో ఇచ్చిన హోంవర్కు ఒక ముద్ద కాదు, ఐదు రోజులకి ఐదు పేజీలుగా విడగొట్టి ఉంటుంది. సోమవారం పేజీ సోమవారమే చేయాలి. ప్రతి పేజీ కింద తల్లో తండ్రో సంతకం పెట్టే గడి ఉంటుంది. పుస్తకం నిండా చదరపు గళ్ళు, ఒక్కో గడి మధ్యలో నిలువుగా, అడ్డంగా సన్నటి గీతలు. మన కాపీరైటింగు పుస్తకం నాలుగు గీతల్లాగా, అక్షరంలో ఏ భాగం ఏ మూలన ఉండాలో చూపించడానికి. పిల్ల రాస్తుంటే వాళ్ళమ్మ కూరగాయలు తరుగుతూ ఓ కన్ను వేసి ఉంచుతుంది. ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్న వరస తప్పితే కత్తి చప్పుడు ఆగుతుంది.

శుక్రవారం సాయంత్రం థింగ్‌షియె. అంటే విని రాయడం. మనకీ ఉంది దీనికి మంచి మాట, ఉక్తలేఖనం. మా జగిత్యాల బడిలో పంతులు గారు డిక్టేషన్ అనేవారు, తప్పుకో బెత్తం దెబ్బ. తల్లి మాట చెబుతుంది, పిల్ల చూడకుండా రాయాలి. తప్పిన మాటలు శనివారం మళ్ళీ. ఆదివారం క్లాసు మొదలవగానే టీచరు మొదటి పదిహేను నిమిషాలు అవే మాటలు చెప్పి రాయిస్తుంది. ఇంట్లో శుక్రవారం చేయించని పిల్లలెవరో ఒకటీ నలభైఐదుకల్లా బయటపడిపోతుంది. ఆ మార్కులు నిజానికి తల్లిదండ్రులవి. వరండాలో కూర్చున్న తల్లులు టెన్షన్ పడేది అందుకే.

అక్షరం పెద్దవాళ్ళకీ నిలవని లిపి అది. కలం ఎత్తగానే అక్షరం మర్చిపోవడం అని చైనీస్‌లో నాలుగక్షరాల నానుడే ఉంది. కీబోర్డులొచ్చాక ఆ జబ్బు ఇంకా ముదిరింది. పక్కింటాయన ఇంజనీరు. భార్య రాయమన్న మాట తనకే రాకపోతే గుట్టుగా ఫోనులో చూసుకుంటాడు. మూడు వారాలు వదిలేస్తే పోతుందని వాళ్ళకి అనుభవంతో తెలుసు. అందుకే రోజూ చేయిస్తారు. క్రమశిక్షణ వాళ్ళ రక్తంలో ఉందని కాదు, వాళ్ళ లిపి వాళ్ళకి వేరే దారి ఇవ్వలేదు.

మన లిపి దగ్గరే మనం మోసపోతున్నాం. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, ఏడాదిన్నరలో అయిపోతాయి. అవి వచ్చాక పిల్లాడు ఏది కనబడితే అది పైకి చదివేస్తాడు. ఇండియా నుంచి వచ్చిన తాతగారు పేపరు ముందు పెడితే హెడ్డింగులు చదివేస్తాడు. ఇంట్లో అందరూ చప్పట్లు. చదివిన దాంట్లో నాలుగో వంతు కూడా వాడికి అర్థం కాలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోరు, నేను కూడా పట్టించుకోలేదు. చైనీస్ పిల్లకి ఈ సౌకర్యం లేదు. అక్షరం తెలియకపోతే శబ్దమూ రాదు, అర్థమూ రాదు. రాలేదన్నది ఎదురుగా కనబడుతుంది. మన పిల్లల విషయంలో రాలేదన్నది పదేళ్ళకి గానీ కనబడదు, అప్పటికి వాడు కాలేజీలో ఉంటాడు.

ఇక్కడ నా స్నేహితురాలు ఎప్పుడూ ఒక అడ్డం వేస్తుంది. "వాళ్ళ వెనక ఒక దేశం ఉందే. చైనీస్ వస్తే ఉద్యోగాలొస్తాయి. తెలుగు వస్తే ఏమొస్తుంది?" దీంట్లో కొంత నిజం ఉంది. ఈ బళ్ళ వెనక ప్రభుత్వాలు చాలాకాలంగా ఉన్నాయి. 1880ల్లోనే శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో అప్పట్లో చైనాని ఏలుతున్న చింగ్ రాజవంశపు దౌత్యవేత్తల చొరవతో బడి పెట్టారు. 1882లో చైనీస్ కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసిన రోజులవి. బయటి బళ్ళలో పిల్లలకి చోటు దొరకని కాలంలో సొంత బడి పెట్టుకోవడమంటే సరదా కాదు. తర్వాత్తర్వాత తైవాన్ ప్రభుత్వం, బీజింగ్ ప్రభుత్వం పోటీలు పడి ప్రవాసుల బళ్ళకి పాఠ్యపుస్తకాలు పంపాయి. కానీ ఏ ప్రభుత్వమూ మంగళవారం రాత్రి ఎనిమిదింటికి పక్కింటి అమ్మాయిని వంటగది బల్ల ముందు కూర్చోబెట్టదు. అది వాళ్ళమ్మే చేయాలి.

పైగా అమెరికా ప్రభుత్వం ఈ బళ్ళని ఎప్పుడూ చల్లగా చూసిందీ లేదు. 1920ల్లో హవాయిలో విదేశీ భాషల బళ్ళని అదుపు చేయడానికి చట్టాలు చేశారు. పుస్తకాలు, టీచర్లు, చదివే గంటలు అన్నీ సర్కారు చెప్పినట్టే. ఆ దీవుల్లో అప్పటికి అలాంటి బళ్ళు 163, అందులో ఏడు చైనీస్‌వి, తొమ్మిది కొరియన్, మిగతావన్నీ జపనీస్. బళ్ళు కోర్టుకి వెళ్ళాయి. 1927లో సుప్రీంకోర్టు వాటి పక్షానే తీర్పిచ్చింది. పిల్లలకి ఏ భాష నేర్పాలో తేల్చుకునే హక్కు తల్లిదండ్రులకి ఉందన్నది ఆ తీర్పు సారం. మనం శనివారం హాయిగా క్లాసు పెట్టుకుంటున్నామంటే అందులో ఆ కేసు వేసినవాళ్ళ పుణ్యమూ కొంత ఉంది.

వరండాలో కూర్చుంటే తెలిసిన ఇంకో సంగతి, 'చైనీస్ బడి' అన్నది ఒక్క రకం కాదు. 1965లో వలస చట్టం మారాక ముందుగా వచ్చి స్థిరపడ్డవాళ్ళు తైవాన్, హాంకాంగ్ వాళ్ళు. తైవాన్ వాళ్ళ బళ్ళలో పాత సంప్రదాయ అక్షరాలు, ఉచ్చారణకి బొపొమొఫొ అని 37 గుర్తులు. 1979లో దౌత్య సంబంధాలు కుదిరాక చైనా నుంచి విద్యార్థులు రావడం మొదలైంది. 1989లో బీజింగ్ తియనన్మెన్ చౌకులో విద్యార్థుల నిరసనని సైన్యం అణిచేశాక, అమెరికా 1992లో ఒక చట్టం చేసి 50 వేల మందికి పైగా చైనీయులకి గ్రీన్‌కార్డులిచ్చింది. వెనక్కి వెళ్ళమన్న భయం పోయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకో బడి కావాలి. సరళీకరించిన అక్షరాలు, ఉచ్చారణని ఇంగ్లీషు లిపిలో రాసే పిన్‌యిన్ నేర్పే బళ్ళు ఆ దశకంలోనే పుట్టగొడుగుల్లా లేచాయి. 1994లో రెండు వర్గాలకీ విడివిడిగా జాతీయ సమాఖ్యలు ఏర్పడ్డాయి. ఒకే ఏడాది, రెండు సంఘాలు. మన సంఘాలు చీలినప్పుడల్లా సిగ్గుపడేదాన్ని, ఇది తెలిశాక కొంచెం తేలికపడ్డాను.

ఈ బళ్ళ తల్లిదండ్రులు వాదించుకునే విషయాలు వింటుంటే ముచ్చటేస్తుంది. పిన్‌యిన్ ముందు నేర్పాలా, అక్షరాలు ముందు నేర్పాలా? పిన్‌యిన్ ముందు నేర్పితే ఇంగ్లీషు అక్షరాలకి అలవాటు పడ్డ కళ్ళు దాన్నే చదువుతాయి, కింద ఉన్న చైనీస్ అక్షరాన్ని చూడవు అని కొందరు. కాలిఫోర్నియాలో మా లిపింగ్ అనే విద్యావేత్త తయారుచేసిన పాఠాలు ఇదే దారిలో నడుస్తాయి: ముందు వందల కొద్దీ అక్షరాలు నేరుగా గుర్తుపట్టించి, పిన్‌యిన్ తర్వాత. పక్కింట్లో అదే పుస్తకం. ఇంకో వాదన చేతిరాత మీద. పిల్లలు పెద్దయ్యాక రాసేదంతా కీబోర్డు మీదే కదా, గుర్తుపట్టడం వస్తే చాలదా అని పక్కింటాయన. రాయకపోతే గుర్తుండదు అని ఆవిడ. నా ఓటు ఆయనకే. ఆ గళ్ళ పుస్తకం నింపడానికి పోయే గంటల్లో ఆ పిల్ల మూడు కథల పుస్తకాలు చదివేది. ఆవిడతో ఈ మాట ఒకసారే అన్నాను.

ఇంకో చిక్కు గురించి వాళ్ళు పెద్దగా మాట్లాడరు, మనమూ మాట్లాడం. బడి నేర్పే భాష ఇంటి భాషేనా? పక్కింటావిడది సిచువాన్‌లో చెంగ్‌డూ. ఆవిడ తల్లి మాట్లాడేది అక్కడి మాట. మాండరిన్‌కి చుట్టమే, కానీ పలుకు వేరు, మాటలు వేరు. పిల్ల బడిలో నేర్చుకున్న పుస్తకాల మాండరిన్‌లో పలకరిస్తే అమ్మమ్మ తన మాటలో జవాబు చెబుతుంది, మధ్యలో తల్లి దుబాసీ. చైనాటౌన్‌లలో పాత బళ్ళు దక్షిణ చైనా మాట అయిన కాంటనీస్‌లో నడిచేవి, ఇప్పుడు అక్కడి పిల్లలు కూడా మాండరిన్‌కే వెళ్తున్నారు. వారసత్వ భాష పేరుతో వాళ్ళు నేర్చుకునేది వాళ్ళ నాయనమ్మకి రాని భాష.

నవ్వొచ్చింది గానీ, మా ఇంట్లో జరిగేదీ అదే. నేను ఉల్లిగడ్డ అంటాను, మా ఆయన ఉల్లిపాయ అంటాడు. నేను ఆలుగడ్డ, ఆయన బంగాళాదుంప. తెలుగు క్లాసులో బొమ్మ చూసి పేరు రాయమంటే మా వాడు 'ఉల్లిగడ్డ' అని రాశాడు. ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 'ఉల్లిపాయ' అని రాశారు. ఆ టీచరు మంచి మనిషే, జీతం లేకుండా ఇరవై మంది పిల్లల్ని భరిస్తోంది. కానీ ఆ రోజు కారులో మా వాడు "అమ్మా, నీకు తెలుగు తప్పుగా వచ్చా?" అని అడిగాడు. నాకు వారం రోజులు ఆ మాట మింగుడు పడలేదు. ఇంట్లో తల్లి నేర్పాలని బడి కోరుకుంటే, తల్లి నోట్లో ఉన్న తెలుగుకి పుస్తకంలో కాస్త చోటివ్వాలి.

ఇక తల్లుల సంగతి. పెద్దవాళ్ళకి ఆ బడి ఒక రచ్చబండ. కెఫెటీరియాలో ఒక బల్ల దగ్గర కాలేజీ అడ్మిషన్ల కబుర్లు, ఇంకో బల్ల దగ్గర ఇంటి లోను వడ్డీలు, జిమ్‌లో తాతల తైచీ, వెనక వరసలో ఎవరో ఎవరికో సంబంధం చూస్తున్నారు. మిన్ జౌ అనే సమాజశాస్త్రవేత్త లాస్‌ఏంజెలెస్ చైనీస్ బళ్ళ మీద చాలాకాలం పరిశోధన చేశారు. పిల్లలకి భాష ఎంత వచ్చిందన్నది పక్కన పెడితే, ఏ స్కూలు మంచిది, ఏ పరీక్షకి ఎప్పుడు కూర్చోవాలి అన్న సమాచారం కొత్తగా వచ్చిన కుటుంబాలకి అక్కడే దొరుకుతుందని ఆవిడ చెప్పారు. నా కళ్ళతో చూశాను కూడా. మా ఊరి మిడిల్ స్కూల్లో లెక్కల ప్లేస్‌మెంటు పరీక్ష ఒకటుందని నాకు తెలిసింది స్కూలు నుంచి కాదు, ఆ కెఫెటీరియాలో.

బడి నడిపేదీ వీళ్ళే. ప్రిన్సిపాలు ఒక అకౌంటెంటు, ఎన్నికతో వచ్చాడు, మళ్ళీ నిలబడనంటున్నాడు. పక్కింటి అమ్మాయి టీచరు చదివింది రసాయనశాస్త్రం, నాలాగే భర్త వీసా మీద వచ్చి ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుంది. ఇచ్చేది పెట్రోలు ఖర్చుకి కాస్త ఎక్కువ. చేరేటప్పుడు ప్రతి కుటుంబం డ్యూటీ డిపాజిట్‌గా ఒక చెక్కు ఇవ్వాలి. ఏడాదికి రెండుసార్లు వచ్చి వరండాలో కాపలా కాసి, గదులు సర్ది వెళ్తే చెక్కు వెనక్కిస్తారు, రాకపోతే జమ చేసుకుంటారు. చదరంగానికి వచ్చినా సరే, నాకూ మినహాయింపు లేదు. రెండుసార్లు నేనూ ఫొటోలు తీశాను, పెన్నుల డబ్బా సరిగ్గా తిప్పి పెట్టాను.

ఆ డ్యూటీ జాబితా వీచాట్‌లో వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. పదిలో ఎనిమిది పేర్లు ఆడవాళ్ళవే. వంటగది బల్ల దగ్గర కూర్చునేదీ వాళ్ళే. మాతృభాష అన్న మాటకి అమ్మ ఒక్కతే మోయాల్సిన భాష అన్న అర్థం ఏ దేశంలోనైనా ఒకటే అయినట్టుంది. ఈ పద్ధతిని నేను మెచ్చుకుంటున్నానంటే దాని బరువు ఎవరి మీద పడుతుందో చూడలేదని కాదు. పక్కింటావిడ ఒకసారి నాతో అంది: "వారంలో ఐదు రోజులు నా కూతురితో నేను మాట్లాడే చైనీస్ అంతా తిట్లే. రాయి, సరిగ్గా రాయి, మళ్ళీ రాయి. భాష వస్తోంది గానీ నేనంటే దానికి ఇష్టం పోతోందేమో." దీనికి నా దగ్గర సమాధానం లేకపోయింది. టీ పోశాను.

పిల్లలకి ఆశ చూపించే సరుకు కూడా ఉంది వాళ్ళ దగ్గర. ఏపీ చైనీస్ పరీక్ష. (ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, కాలేజీ స్థాయి పాఠాన్ని హైస్కూల్లోనే చదివి రాసే పరీక్ష.) 2007లో మొదలైంది, కంప్యూటరు మీద టైపు చేసి రాస్తారు. అయిదుకి అయిదు తెచ్చుకునేవాళ్ళే దాదాపు సగం, ఎందుకంటే రాసేవాళ్ళలో ఇంట్లో చైనీస్ విన్న పిల్లలే ఎక్కువ. ఆదివారం బడి చివరి రెండేళ్ళూ ఈ పరీక్ష చుట్టూ తిరుగుతాయి. నాకిది నచ్చలేదు. పరీక్ష రాసిన మరుసటి వారం నుంచి పెద్ద పిల్లలు కనబడరు. పదేళ్ళు పెంచిన చెట్టు ఒక్క కాయ కోసి కొట్టేసినట్టు. మనకి ఏపీ తెలుగు లేదని బాధపడేవాళ్ళున్నారు. రెండు భాషలు వచ్చిన విద్యార్థులకి డిప్లొమా మీద వేసే ముద్ర ఒకటుంది, 2011లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది, తర్వాత న్యూజెర్సీ కూడా తెచ్చింది, మన పిల్లలు తెలుగుతో దాన్ని తెచ్చుకుంటున్నారు. మంచిదే. కానీ ముద్ర కోసం చదివినవాడు ముద్ర పడ్డాక ఎందుకు చదువుతాడు?

బర్క్లీలో లిలీ వాంగ్ ఫిల్మోర్ అనే పరిశోధకురాలు ఉండేవారు, చైనీస్ వలస కుటుంబంలోనే పుట్టారు. ఇంగ్లీషు కాని భాష మాట్లాడే వెయ్యికి పైగా కుటుంబాలను అడిగి 1991లో ఆవిడ రాసిన సంగతి ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు: పిల్లలు ఎంత చిన్న వయసులో ఇంగ్లీషు ప్రీస్కూలుకి వెళ్తే ఇంటి భాష అంత తొందరగా జారిపోతుంది. ఆవిడ బాధ పదాల గురించి కాదు. తల్లిదండ్రులు పిల్లలకి మంచీ చెడూ చెప్పుకునే దారి మూసుకుపోతుందని. మా వాడితో నేను గట్టిగా ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు నోట్లోంచి ఇంగ్లీషు వస్తోందని గమనించింది అది చదివాకే. ముద్దు చేయడానికి తెలుగు, బుద్ధి చెప్పడానికి ఇంగ్లీషు. పక్కింట్లో దీనికి సరిగ్గా తలకిందులు.

మన దగ్గర పుస్తకాలు లేవా, బళ్ళు లేవా? ఉన్నాయి. మనబడి 2007లో మొదలై ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం, ప్రమోదం, ప్రభాసం అని అంచెలంచెలుగా పాఠాలు తయారుచేసింది, తానా పాఠశాల ఉంది, చిన్న చిన్న ఊళ్ళలో గుడి నేలమాళిగలో నడిచే క్లాసులున్నాయి. చాపల మీద ఓపికగా కూర్చుని చెప్పే వాలంటీర్లున్నారు. లోటు వాళ్ళ వైపు లేదు. పార్కింగులో కారు దిగని మన వైపు ఉంది.

పోయిన ఆగస్టులో మా తెలుగు క్లాసు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రతిపాదన పెట్టాను. హోంవర్కు ఐదు రోజులకి విడగొడదాం. ప్రతి పేజీకి ఇంట్లో ఎవరో ఒకరు సంతకం పెడదాం. శుక్రవారం పది మాటలు ఉక్తలేఖనం, అందులో రెండు మాటలు పుస్తకంలోవి కాకుండా ఇంట్లో వాడేవి. పిల్లాడు వాటిని రాసుకొచ్చి క్లాసులో అర్థం చెప్పాలి, టీచరు కొట్టేయకూడదు. ఆ చివరి ముక్క టీచరుకి అన్నిటికంటే ఎక్కువ నచ్చింది. గ్రూపులో మాత్రం గంటలో నలభై మెసేజ్‌లు. "ఫీజు కట్టేది మళ్ళీ మేమే నేర్పడానికా?" అని ఒకాయన. "ఇండియన్ స్కూళ్ళ ప్రెషర్ వద్దనే కదండీ ఇక్కడికొచ్చాం" అని ఒకావిడ. "సంతకం వాళ్ళ నాన్నే పెట్టాలని రూలు పెట్టండి అక్కా, నేను సపోర్టు చేస్తా" అని ఇంకో అమ్మాయి. దీనికి పదకొండు దణ్ణాలూ, నవ్వు బొమ్మలూ. రెండు కుటుంబాలు మానేశాయి, మా వల్లే అనుకుంటాను.

ఇప్పుడు మంగళవారం రాత్రి ఎనిమిదింటికి మా ఆయన ఉల్లిపాయ అని చెప్పి రాయిస్తాడు, గురువారం నేను ఉల్లిగడ్డ అని. మా వాడు ఇద్దరినీ విసుక్కుంటాడు. నిన్న శనివారం పుస్తకాలు తీసుకుంటున్నప్పుడు లెక్కపెట్టాను. పందొమ్మిది మంది పిల్లలు, సంతకాలున్న పుస్తకాలు పదకొండు. అందులో నాలుగు సంతకాలు కారులో, అప్పుడే పెట్టినవి. సిరా ఇంకా ఆరలేదు.